ఓటు లేని ఆదివారం

2025 డిసెంబరు 14న, పంచాయతీ ఎన్నికల రెండో విడత పోలింగ్ నాడు, నేను నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో ఉన్నాను. మా సర్పంచ్ పదవి అప్పటికే ఏకగ్రీవమైంది. పది వార్డుల్లో తొమ్మిది కూడా అదే దారిలో పోయాయి. అన్నదమ్ముల కొడుకులిద్దరు ఎవరెంత నచ్చజెప్పినా నామినేషన్ వెనక్కి తీసుకోకపోవడంతో ఆరో వార్డుకు మాత్రం పోలింగ్ పెట్టక తప్పలేదు. బడిలో ఒక గది, ఒక పెట్టె, నలుగురు సిబ్బంది, బయట చలికాగుతూ ఇద్దరు కానిస్టేబుళ్ళు. సర్పంచ్‌కు వేసే గులాబీ రంగు బ్యాలెట్‌తో ఆ రోజు పని లేదు, వార్డు సభ్యుడికి వేసే తెల్ల బ్యాలెట్ ఒక్కటే ఉంది.

ఎనిమిది దాటాక మా వాడకట్టు పెద్దవ్వ ఒకామె, ఓటరు కార్డును మందుల చీటీలతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, కర్ర పోటేసుకుంటూ బడికి వచ్చింది. మాది రెండో వార్డు. సిబ్బందిలో ఒకాయన జాబితా తిరగేసి, "అవ్వా, మీ వార్డుకు ఓట్లు లేవు" అన్నాడు.

"ఎందుకు లేవు బిడ్డా? నేను సచ్చిపోయిన్నని రాసిండ్రా?"

ఆయన నవ్వి, అట్లా కాదని, ఊరంతా ఒక్కమాట మీద నిలబడి ఏకగ్రీవం చేసుకున్నదని చెప్పాడు. ఆమె కాసేపు ఆయన ముఖం చూసి, "ఊరంతా అంటే ఎవరు? నన్నెవ్వలు అడగలే గదా" అని, కవరు మడిచి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది.

ఏకగ్రీవం గురించి నాకు ముందు నుంచీ అనుమానాలు ఉన్నాయి గానీ, వాటిని ఒక అభిప్రాయంగా రాయడానికి ఇన్నాళ్ళూ వెనకాడాను. ఊళ్ళో ఉండని వాడు ఊరి ఐక్యతను తప్పుబట్టడం తేలికే గానీ మర్యాద కాదు. అయినా ఆ ఆదివారం చూసిన తర్వాత రాయకుండా ఉండలేకపోతున్నాను. పోటీ లేకుండా ముగిసిన పంచాయతీ ఎన్నికను ఊరి గెలుపుగా చెప్పుకోవడం మానుకోవాలని, దానికి ప్రభుత్వాలు నజరానాలు ఇవ్వడం అంతకన్నా ముందు మానుకోవాలని నా అభిప్రాయం.

బొడ్రాయి దగ్గర జరిగింది

ఈసారి మా ఊరి సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వు అయింది. ముగ్గురు నామినేషన్ వేశారు. ఉపసంహరణ గడువుకు ముందురోజు సాయంత్రం బొడ్రాయి దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. నలభై మంది దాకా ఉన్నారని, అందరూ మగవాళ్ళేనని, పోటీలో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళ తరఫున భర్తలో అన్నలో వచ్చారని అక్కడున్న మా బావ చెప్పాడు. ముత్యాలమ్మ గుడి ప్రహరీకి, ఊరి చావడికి ఎవరు ఎంత ఇస్తారన్న మాట మొదలై, 8 లక్షల దగ్గర ఒకరు, 19 లక్షల దగ్గర ఇంకొకరు ఆగిపోయారు. 27 లక్షల దగ్గర లెక్క తేలింది. మూడో వంతు మరునాడే ఇవ్వాలని, మిగిలింది సంక్రాంతి లోపు ఇవ్వాలని బాండు పేపరు రాసుకున్నారు. ఈ తతంగమంతటిలో వేలం అన్న మాట ఎవరి నోటా రాలేదట. దాన్ని చందా అన్నారు.

చట్టం ఈ విషయంలో మనం అనుకునే దానికన్నా స్పష్టంగా ఉంది. భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్ ప్రకారం ఎన్నికల హక్కు అంటే ఓటు వేసే హక్కు మాత్రమే కాదు. పోటీకి నిలబడడం, నిలబడకపోవడం, నిలబడి తప్పుకోవడం కూడా అందులోకే వస్తాయి. ఆ హక్కును తమకు కావలసినట్టు వాడేలా ఎవరికైనా ప్రతిఫలం ముట్టజెప్పడాన్ని 170వ సెక్షన్ లంచం అంటుంది. పదవులకు వేలం వేస్తే చర్యలు తప్పవని ఎన్నికల సంఘం హెచ్చరికలు కూడా ఈ ఎన్నికల్లో పత్రికల్లో వచ్చాయి. కానీ సొమ్ము ఒక మనిషి జేబులోకి కాక గుడి హుండీలోకి వెళ్ళినప్పుడు, ఫిర్యాదు చేయవలసిన వాళ్ళందరూ ఆ గుడి భక్తులే అయినప్పుడు, ఏ అధికారి మాత్రం ఏం పట్టుకుంటాడు? మహారాష్ట్రలో 2021 జనవరిలో ఒక ఉదంతం జరిగింది. నాసిక్ జిల్లా ఉమ్రాణేలో సర్పంచ్ పదవికి గుడి పేరిట 2 కోట్ల రూపాయల పైచిలుకు పాట పాడారు. ఆ దృశ్యాలు బయటికి రావడంతో అక్కడి ఎన్నికల సంఘం ఎన్నికనే రద్దు చేసింది. మా ఊళ్ళో ఎవరూ ఫోను బయటికి తీయలేదు, అంతే తేడా.

నాకు అంతుపట్టని లెక్క ఒకటి ఉంది. తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. అయిదేళ్ళకు కలిపితే 3 లక్షల 90 వేలు. దాని కోసం 27 లక్షలు ఇచ్చే మనిషి ధర్మాత్ముడైనా అయి ఉండాలి, మిగతా 23 లక్షల పైచిలుకు ఎక్కడి నుంచి వస్తుందో ముందే లెక్కవేసుకున్న వాడైనా అయి ఉండాలి. పాత సర్పంచులు సొంత డబ్బు పెట్టి చేసిన పనులకు బిల్లులు రాక ధర్నాలు చేసిన రాష్ట్రం ఇది. అందుకని ప్రతి సర్పంచూ తినడానికే వస్తాడని నేను అనను. పరువు కోసం, రేపు మండల స్థాయికి ఎదగడం కోసం ఖర్చు పెట్టేవాళ్ళూ ఉన్నారు. అయినా పదవిని ఊరి నుంచి కొనుక్కున్న మనిషిని అదే ఊరు రేపు లెక్క అడగగలదా? అడిగితే, "ఊరికే ఇచ్చిండ్రా నాకు?" అన్న ఎదురు ప్రశ్న అతని దగ్గర సిద్ధంగా ఉంటుంది.

మా నాయన చెప్పే మాట

ఈ విషయంలో మా నాయనకూ నాకూ పొసగదు. ఆయన ఏకగ్రీవం పక్షం. అది ఆయన భయంతోనో స్వార్థంతోనో పట్టిన పక్షం కాదు. 1995 పంచాయతీ ఎన్నికల్లో మా ఇంటి మనుషులే రెండు జట్లుగా చీలిపోయారు. మా తాత, ఆయన తమ్ముడు కలిసి తవ్వుకున్న బావి మీద ఒకే మోటరు ఉండేది. ఎన్నిక అయిన వారానికి మోటరు గది తాళం మారిపోయింది. ఆ ఏడు మా నాలుగెకరాల వరి ఎండింది. చిన్నతాత చనిపోయినప్పుడు మా ఇంటి నుంచి పాడె మోయడానికి ఎవరూ పోలేదు. ఆ తాళం కథ చెప్పేటప్పుడు మా నాయన ఇప్పటికీ గొంతు తగ్గిస్తాడు.

"నీకు ఓటంటే ఒక దినం. మాకు అయిదేండ్లు" అన్నాడాయన ఈసారి కూడా. పోటీ పెడితే మందు ఏరులై పారుతుందని, ఇంటికింత అని పంచుతారని, గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ భూమి అమ్ముకుంటారని, ఆ సొమ్మేదో గుడికి పోతే తప్పేమిటని ఆయన వాదన. అయిదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదన్న నిబంధనను ఆయనకు గుర్తుచేశాను. గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. పక్క ఊళ్ళో పోటీ జరిగింది, మూడు వారాల పాటు అక్కడి మగవాళ్ళలో సగం మంది సాయంత్రమయ్యేసరికి నిలబడే స్థితిలో లేరు. దాన్ని ప్రజాస్వామ్య పండుగ అని రాయడానికి నాకూ చేయి రాదు.

కాబట్టి ఖర్చు విషయంలో మా నాయనదే పైచేయి అని ఒప్పుకుంటున్నాను. పగల విషయంలో ఒప్పుకోను. బొడ్రాయి దగ్గర 19 లక్షల దగ్గర ఆగిపోయిన కుటుంబం ఆ రాత్రి నుంచి గెలిచిన కుటుంబంతో మాట్లాడడం లేదు. పోటీలో ఓడినవాడికి కనీసం తనకు పడిన ఓట్లు ఎన్నో తెలుస్తుంది. 400 ఓట్లు వచ్చినవాడు ఊళ్ళో 400 మంది మనిషిగా తిరుగుతాడు. బొడ్రాయి దగ్గర తప్పుకున్నవాడికి ఆ లెక్క కూడా మిగలదు, డబ్బు చాలక ఓడిపోయానన్న ఉక్రోషం తప్ప. ఏకగ్రీవంలోనూ పగ ఉంటుంది, దానికి లెక్కే ఉండదు.

ఆరో వార్డు సంగతే చూడండి. 171 ఓట్లలో 158 పోలయ్యాయి. మధ్యాహ్నం రెండు గంటలకు లెక్కింపు మొదలుపెట్టి, టీ చల్లారేలోపు ముగించారు. ఒకరికి 78, ఇంకొకరికి 75, నోటాకు 1, చెల్లనివి 4. మళ్ళీ లెక్కపెట్టమన్నారు, మళ్ళీ అంతే వచ్చింది. ఓడిన కుర్రవాడు చెల్లని నాలుగూ ఏవో చూపించమని అడిగి, వాటిని ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూసి, సంతకం పెట్టి బయటికి వచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములూ సంక్రాంతి దాకా మాట్లాడుకోలేదు, నిజమే. ఆ ప్రచారం రోజుల్లో మాత్రం ఆరో వార్డు మురికికాలువ ఎక్కడ మొదలై ఎవరి ఇంటి ముందు ఆగిపోతోందో ఇద్దరూ నాలుగుసార్లు కొలిచారు. మిగిలిన తొమ్మిది వార్డుల్లో కాలువ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

నామినేషన్ వేసిన అమ్మాయి

ముగ్గురు అభ్యర్థుల్లో 8 లక్షల దగ్గర ఆగిపోయిన ఇంటి కోడలు డిగ్రీ చదివింది, మహిళా సంఘం లెక్కలు రాస్తుంది. నిజానికి ఆ 8 లక్షలు పలికింది ఆమె కాదు, ఆమె బావగారు. వెయ్యి రూపాయల డిపాజిట్ కట్టినప్పుడు ఇచ్చిన రసీదును ఆమె ఇంకా దాచుకుంది. పంచాయతీకి ఏ పద్దు కింద ఎంత వస్తుందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవు కదా, అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి వరసగా గుర్తులు ఇస్తారు. తన పేరు ముందు వస్తుంది కాబట్టి మొదటి గుర్తు ఉంగరం తనకే వస్తుందని లెక్కవేసుకుని, ఇంటింటికీ తిరిగి చెప్పడానికి రెండు మాటలు కూడా సిద్ధం చేసుకుందట. ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు ఎవరూ ఆమెను బెదిరించలేదు. "ఇంట్ల అందరు అనుకున్నరు, ఇగ నేనేమంటా?" అంది నాతో. కాసేపాగి, "ఓడిపోయినా మంచిగుండు అన్నా, ఎంతమంది నన్ను నమ్మిండ్రో తెలుస్తుండె" అంది.

ఏకగ్రీవం మీద నాకున్న అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలవి. సర్పంచ్ భర్తలు పెత్తనం చేస్తారని మనం ఎగతాళి చేస్తాం గానీ, పోటీ జరిగిన చోట ఆ మహిళ కనీసం కొన్ని రోజులు వీధుల్లో నడవాలి, తన పేరు తన నోటితో చెప్పాలి, నీళ్ళ ట్యాంకు గురించి ఎవరో నిలదీస్తే నిలబడి జవాబు చెప్పాలి. చాలామందికి రాజకీయాల్లో అదే మొదటి పాఠం. ఏకగ్రీవంలో ఆ పాఠం ఉండదు. మా కొత్త సర్పంచ్‌ను ప్రమాణ స్వీకారం రోజునే మొదటిసారి చూశామని ఎస్సీ కాలనీ వాళ్ళు చెప్పారు. ఆమె మంచి మనిషే అయి ఉండవచ్చు. ఆ సంగతి తెలుసుకునే అవకాశం వాళ్ళకూ ఇవ్వలేదు, తెలియజెప్పే అవకాశం ఆమెకూ ఇవ్వలేదు.

రిజర్వేషన్‌ను కాగితం మీద ఉంచి చేతల్లో తీసేయడానికి ఏకమాట ఎంత బాగా పనికివస్తుందో తమిళనాట మదురై జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి చూపించాయి. 1996లో దళితులకు రిజర్వు అయిన ఆ పంచాయతీల్లో పెత్తందారీ కులం వాళ్ళు ఎన్నికలను జరగనివ్వలేదు, జరిగినా తమ మనుషులను నిలబెట్టి గెలిచిన వెంటనే రాజీనామా చేయించేవాళ్ళు. పదేళ్ళ తర్వాత, 2006లో గానీ అక్కడ సరిగా ఎన్నిక జరగలేదు. మా ఊరు పాప్పాపట్టి కాదు. కాకపోతే "ఊరు నిర్ణయించింది" అన్న మాట వినిపించినప్పుడల్లా, అది ఏ వాడ ఊరు అని అడగాలని ఆ పేరు నాకు గుర్తుచేస్తుంది.

నజరానాలు, బెదిరింపులు

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలప్పుడు, జనాభాను బట్టి ఏకగ్రీవ పంచాయతీకి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని ప్రభుత్వం పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది, దానిపై ఎన్నికల సంఘం సంజాయిషీ అడిగింది. తెలంగాణలో 2019 ఎన్నికలకు ముందు 10 లక్షలు అన్నారు. ఆ సొమ్ము తమకు అందలేదన్న ఫిర్యాదు ఆ తర్వాత చాలా ఊళ్ళలో వినిపించింది. అందినా అందకపోయినా నా అభ్యంతరం ఒకటే. పోటీ చేయాలనుకున్న మనిషి చేతికి ప్రభుత్వమే ఒక నేరం అంటగడుతుంది, నీ వల్ల ఊరికి రావలసిన పది లక్షలు పోయాయి అని.

ఊరి స్థాయిలో నచ్చజెప్పడంగా కనిపించేది పై స్థాయికి వెళ్ళేసరికి ఏ రూపం తీసుకుంటుందో 2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. మాచర్ల, పిడుగురాళ్ళ, పుంగనూరు, పులివెందుల మున్సిపాలిటీల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవమే. అంతకు ముందు ఏడాది, అవే ఎన్నికల నామినేషన్ల సమయంలో, మాచర్లలో ప్రతిపక్ష నాయకుల కారు మీద దాడి జరిగింది. వేలమంది ఓటర్లున్న పట్టణంలో ఒక్క వార్డులోనూ ఎవరికీ పోటీ చేయాలని అనిపించలేదంటే నమ్మడం కష్టం.

అయితే దీనికి ఎదురు ఉదాహరణ కూడా అక్కడే ఉంది. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో చాలా ఏళ్ళ తర్వాత పోటీ జరిగింది. టీడీపీకి 6,716 ఓట్లు వచ్చాయి, అంతకు ముందు దాకా అక్కడ ఎదురులేని వైసీపీకి 683. ఏళ్ళ తరబడి దొరకని ఓటు దొరికిందని గెలిచినవాళ్ళు, ఓటర్లను పోలింగ్ కేంద్రాలకే రానివ్వలేదని ఓడినవాళ్ళు చెప్పారు. పెట్టెలో ఓటు పడినంత మాత్రాన అది స్వేచ్ఛగా పడిందని చెప్పలేమని ఆ అంకెలు చూసినప్పుడు నాకు అనిపించింది. పోటీ ఉంటే చాలు అన్నీ సర్దుకుంటాయని నేను వాదించడం లేదు. పోటీ ఉన్నచోట కనీసం లెక్క బయటపడుతుంది, ఆ లెక్క మీద కొట్లాడుకోవచ్చు.

ఇంకో మినహాయింపు కూడా చెప్పాలి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీలైన తండాల్లో కొన్ని మరీ చిన్నవి, మూడు నాలుగు వందల ఓట్లవి. అక్కడ అందరూ ఒకచోట కూర్చుని, ఆడవాళ్ళతో సహా మాట్లాడుకుని ఒకరిని అనుకుంటే, దాన్ని బొడ్రాయి వేలంతో కలిపి చూడడం అన్యాయం. మూడు విడతలూ కలిపి ఈసారి ఏకగ్రీవమైనవి పన్నెండు వందల దరిదాపుల్లో ఉన్నాయి. వాటిలో ఏది తండా మాట, ఏది చందా మాట అన్నది ఏ ప్రకటనలోనూ కనిపించదు. రెంటికీ ఒకటే పేరు, ఒకటే ధ్రువపత్రం.

మరి ఏం చేయాలి

పోటీ జరిగిన పంచాయతీల్లో ఏ విడతలోనూ పోలింగ్ 84 శాతానికి తగ్గలేదు. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా, ఆరు గంటల్లోనే. 2020 డిసెంబరులో హైదరాబాద్ నగరపాలక ఎన్నికల్లో రోజంతా పెట్టినా సగం మంది ఓటుకు రాలేదు. పల్లెలో ఓటంటే విసుగు పుట్టిందని ఎవరూ అనలేరు. ఉప్పల్ బస్టాండులో పోలింగ్‌కు ముందు శనివారం రాత్రి నిలబడేందుకు చోటు లేదు. మా ఊరివాళ్ళు మాత్రం టికెట్లు రద్దు చేసుకున్నారు.

ఒక్క అభ్యర్థే మిగిలినా పోలింగ్ పెట్టాలని, ఆ అభ్యర్థి పక్కన నోటా ఉంచాలని, పోలైన వాటిలో సగం ఓట్లు కూడా రాకపోతే మళ్ళీ నోటిఫికేషన్ ఇవ్వాలని నేను కోరుకుంటాను. ఇది గాలిలోంచి తీసిన ఆలోచన కాదు. హర్యానా ఎన్నికల సంఘం 2018లో పురపాలక ఎన్నికలకు నోటాను ఊహాజనిత అభ్యర్థిగా లెక్కించి, దానికే ఎక్కువ ఓట్లు వస్తే మళ్ళీ ఎన్నిక జరపాలని ఆదేశించింది. 2024లో సూరత్ లోక్‌సభ స్థానం పోలింగ్ లేకుండానే తేలిపోయింది. ఒంటరి అభ్యర్థి గెలిచినట్టు ప్రకటించే నిబంధనపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడుస్తుండగా, అటువంటి అభ్యర్థికీ కనీస శాతం ఓట్లు రావాలన్న నియమం పెట్టే సంగతి పరిశీలించమని 2025 ఏప్రిల్‌లో న్యాయస్థానం కేంద్రానికి సూచించింది. నిజంగా ఊరంతా ఒక్కటైతే ఆ పోలింగ్‌లో భయపడవలసింది ఏముంది? ఖర్చంటారా, ఆరో వార్డు 171 ఓట్ల కోసం ఎలాగూ సిబ్బంది వచ్చారు, పెట్టె వచ్చింది, బడిలో గదీ ఇచ్చారు.

ఈ మాటలన్నీ మా నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు వక్క నములుతూ విన్నాడు. "మన ఊళ్ళ నోటాకు రెండు వందలు పడ్డయనుకో. ఆ రెండు వందలు ఎవ్వలని తెల్లారేసరికి ఇల్లిల్లు లెక్క కడ్తరు. ఆరో వార్డుల పడ్డ ఒక్క నోటా ఎవ్వనిదో ఇప్పటికే ముగ్గురి పేర్లు చెప్తున్నరు, ఎరికేనా?" అన్నాడు.

నాకు ఎరుక లేదు. ఆ ముగ్గురూ ఎవరని అడిగాను. చెప్పాడు. వాళ్ళలో ఒకరు ఆ వార్డు వాళ్ళే కాదు.